తల్ఫ్ జాబితాలో నలభై ఒకటో నెంబరు

1958 ఎండాకాలంలో నన్ను వికారాబాదు నుంచి తాండూరుకు బదిలీ చేశారు. రికార్డు గదికి అధికారిగా వెళ్ళానని మా బంధువుల్లో చాలామందికి చెప్పాను. అది నిజం కాదు. వెళ్ళింది మూడో గుమాస్తాగా. నిజాం కాలం నుంచి వాడుకలో ఉన్న మాటలో చెప్పాలంటే అహల్కారుగా. గది తాళంచెవి నా దగ్గర ఉండేది గనక అధికారినని నేనే అనుకున్నాను, అంతే. ఆ సర్కారు కచేరీ ఏదో మాత్రం రాయను. అందులో పనిచేసినవాళ్ళ మనవలు ఇప్పటికీ నాకు బజారులో ఎదురవుతారు.

అంతకు రెండేళ్ళ ముందు, రాష్ట్రాలు మారినప్పుడు, తాండూరు గుల్బర్గా జిల్లా నుంచి మన వైపు వచ్చింది. దాంతో పాత కాగితాలన్నీ తిరగేసి, కాలం చెల్లినవి వదిలించుకోమని పైనుంచి ఉత్తర్వు దిగింది. ఆ పనిని మేము 'తల్ఫ్' అనేవాళ్ళం, అంటే నాశనం చేయడం. దానికొక క్రమం ఉంది. గుమాస్తా నెంబర్ల వారీగా జాబితా తయారుచేసి కింద సంతకం పెడతాడు. దాని మీద ఆఫీసరు దస్కతు పడుతుంది. తమ కాగితం కావలసినవాళ్ళు వచ్చి అడగడానికి వీలుగా ఆ జాబితాను వారం ముందు నోటీసు బోర్డు మీద అంటించాలి. ఆ తర్వాత ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషుల ఎదుట, కచేరీ వెనక గుంతలో తగలబెట్టాలి. దస్కతు పడ్డాక అందులోంచి ఒక్క లైను తీసేయాలన్నా వికారాబాదులోని పై అధికారి ఉత్తర్వు కావాలి. మా ఆఫీసరుకు ఆ అధికారం లేదు.

రికార్డు గదిలో కాగితాల మూటల మధ్య ఒక చెక్క బీరువా ఉండేది. అందులో ఒక ఖురాను, ఒక బైబిలు, ఒక భగవద్గీత ఉండాలని రిజిస్టరు చెప్పేది. సాక్షి చేత అతని గ్రంథం మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించడం పాత పద్ధతి. ఖురానును పట్టుకుని నిలబడే పని జవాను ఖాసింది. ముప్ఫై ఏళ్ళలో ఏనాడూ చేతులూ మొహమూ కడుక్కోకుండా అతను దాన్ని ముట్టుకోలేదు. తన చేతుల మీదుగా వందల అబద్ధాలు పోయాయనీ, పుస్తకం చిరిగిపోయింది ఆ బరువుకేననీ నవ్వుతూ అనేవాడు. దేవుడి పేరు మీద నోటితోనే ప్రమాణం చేయించే కొత్త పద్ధతి వచ్చాక పుస్తకంతో పని లేకుండా పోయింది.

ఒకరోజు అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సాబ్, కుట్లు ఊడినయ్. పేజీలు రాలుతున్నయ్. నాకియ్యుండ్రి. తెల్లబట్టల సుట్టి, కాలు తొక్కని జాగల మన్నుల పెడ్త. మనిషిని పెట్టినట్టే పెట్టాలె దాన్ని."

"సర్కారు సొత్తు చిచ్చా, అట్ల ఇయ్యరాదు."

"మరెట్ల? దివాళీ దాటితే నా నౌకరీ అయిపోతది. నేను పోయినంక దీన్ని ఎవరు సూస్తరు?"

అర్జీ పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు. పుస్తకాన్ని మన్నులో పెట్టడానికి ఇప్పించాలని అందులో స్పష్టంగా రాయించాడు కూడా.

రిజిస్టరులోంచి ఒక వస్తువును తీసేయడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే, తల్ఫ్ జాబితా. అందులో చేరిస్తే అది సర్కారు సొత్తు కాకుండా పోతుంది, ఆ పైన ఖాసిం చేతికి ఇచ్చేయవచ్చు అనుకున్నాను. నలభై ఒకటో నెంబరు కింద ఉర్దూలో అందంగా రాశాను: 'ఖురాను, ఒకటి, ప్రమాణానికి వాడినది, చిరిగినది.' ఆ ఫారం అచ్చుది. ప్రతి పేజీ నెత్తిన 'ఈ కింద రాసినవి కాల్చివేయబడును' అని ఒక లైను ఉంటుంది. ఆ లైనును అంతకు ముందు ఎన్నోసార్లు చూసినవాణ్ణి గనక చదవడం మానేశాను. ఆఫీసరు నన్ను నమ్మి చదవకుండా దస్కతు పెట్టాడు. సోమవారం పొద్దున జాబితా బోర్డెక్కింది.

కచేరీ అరుగు మీద అర్జీలు రాసే వీరన్న కూర్చునేవాడు. ఉర్దూ, తెలుగు, కన్నడం మూడూ చదువుతాడు. పొద్దున బోర్డు మీద ఏది అంటిస్తే అది చదివి, వచ్చినవాళ్ళకు వినిపించడం అతని అలవాటు. ఆ రోజు సగం చదివి లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"నర్సింలు సాబ్, గిదేంది? కురానును కాలవెడ్తరా? నీకేమన్న మతి ఉన్నదా?"

అతను లోపలికి రాకముందే బయట పదిమంది విన్నారు. మధ్యాహ్నానికల్లా బజారులో నాపరాతి బండల దుకాణాలు మూతపడ్డాయి. గనుల నుంచి పనివాళ్ళు చేతి దుమ్ము కూడా దులుపుకోకుండా వచ్చారు. కచేరీ ముందు వెయ్యిమంది చేరారని నేను చెబుతుంటాను. నూటయాభై మంది ఉంటారేమో. అందులో ఇరవై మంది మేకలు అమ్ముకోవడానికి వచ్చి, ఏం జరుగుతుందో చూద్దామని ఆగినవాళ్ళు. అయినా ఆ రోజు నూటయాభై తక్కువేమీ కాదు. పదేళ్ళ కిందటి, పోలీసు చర్య నాటి రోజుల మాట ఎవరూ ఎత్తలేదు గాని, ఆనాడు తలుపులు ఎలా వేసుకున్నారో బజారు గల్లీల్లో అలాగే వేసుకున్నారు. స్టేషను వైపు కొందరు కుర్రకారు 'కాలిస్తే ఏమైతది' అంటున్నారని కబురు వచ్చింది. పోలీసులు ఇద్దరు కానిస్టేబుళ్ళను గేటు దగ్గర నిలబెట్టారు. వాళ్ళూ ఒకచోట నిలవలేక గేటు ఇవతలికీ అవతలికీ నడుస్తూనే ఉన్నారు.

వచ్చినవాళ్ళందరూ ఒక మతంవాళ్ళు కాదు. కిరాణా దుకాణాల లింగాయతులు వచ్చి, ఇవాళ వాళ్ళది, రేపు మా గీత వంతా అని అడిగారు. ఊరవతల నుంచి క్రైస్తవ బడిపంతులు ఒకాయన సైకిలు మీద వచ్చి, "మా బైబిలుది ఏం నెంబరు సార్?" అన్నాడు. బైబిలు చిరగలేదనీ, జాబితాలో లేదనీ బీరువా తెరిచి చూపించాను. గీత మాత్రం కనిపించలేదు. నాకు ముందున్న అహల్కారు చదువుకుంటానని ఇంటికి తీసుకుపోయి, బదిలీ మీద అలాగే వెళ్ళిపోయాడని తేలింది. దాంతో గొడవ ఇంకో వైపు నుంచి కూడా మొదలైంది.

గుంపు తరఫున బండల వ్యాపారి హాజీ సాబు లోపలికి వచ్చాడు. తెల్ల గడ్డం, నెమ్మదైన గొంతు.

"మేం కొట్లాటకు రాలె సాబ్. కాలవెట్టాలని ఎవరికి తోచిందో జర చెప్పుండ్రి. పేరు తెలిస్తే మేం మాట్లాడుకుంటం."

మా ఆఫీసరు నన్ను పిలిచి, ఎవరు చెబితే రాశావని అడిగాడు. అప్పుడు నేను చేయవలసిన పని చిన్నది. ఖాసిం మన్నులో పెట్టడానికి అడిగాడు, కాల్చమన్న ఫారం మీద సంతకం నాది అని చెప్పాలి. రెండు ముక్కలు. నేను ఖాసిం అర్జీ తీసి బల్ల మీద పెట్టాను. ఆఫీసరు దాన్ని పైపైన చూసి వరండాలోకి వెళ్ళాడు. అడిగింది మీ మనిషేననీ, అర్జీ కూడా ఉందనీ చెప్పాడు.

అందరూ ఖాసిం వైపు తిరిగారు. అతను తలుపు పక్కన నిలబడి ఉన్నాడు.

"అడిగిన. అడిగింది నేనే. మన్నుల..." అని మొదలుపెట్టాడు. ఎవరో "థూ" అన్నారు. ఎవరో అతని పేరు పెట్టి తిట్టారు. ఆ మాట పూర్తికానివ్వలేదు. అతను నా వైపు చూశాడు. నేను ఫైలు తాడు ముడి వేస్తున్నాను. అది ముందే ముడివేసి ఉన్న ఫైలు.

జాబితాలోంచి ఆ లైను తీసేయించే ఉత్తర్వు తెచ్చే పని నా మీద పడింది. మర్నాడు పొద్దున ప్యాసింజరు బండి ఎక్కాను. ధారూరు దాటేదాకా ఒక్క చోట కూర్చోలేకపోయాను. లేచి తలుపు దాకా వెళ్ళడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. వికారాబాదు స్టేషనులో చాయ్ కొట్టు దగ్గర ఒకతను తాండూరులో బండెడు కితాబులు కాల్చేశారని చెబుతున్నాడు. ఇంకొకతను రెండు బండ్లు అన్నాడు. కాదని చెప్పగలిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. ఫైలును చంకలో ఇంకొంచెం బిగించుకుని చాయ్ తాగేశాను.

పై అధికారి అనంతగిరిలో క్యాంపులో ఉన్నాడన్నారు. ఆ గుట్ట పరుగున ఎక్కానని మా మనవలకు చెప్పాను. జట్కాలో వెళ్ళాను. ఆయాసపడింది గుర్రం.

ఆయన అర్జీ చదివాడు, జాబితా చదివాడు, మళ్ళీ అర్జీ చదివాడు.

"కాల్చమని ఖాసిం ఎక్కడ రాసిండు?"

"రాయలేదు సార్. ఫారంలో అచ్చయి ఉంది."

"ఫారం కింద సంతకం ఎవరిది?"

"నాది సార్."

"తాండూర్ల ఏం చెప్పినవ్?"

"అర్జీ పెట్టింది ఖాసిం అని."

"సగం చెప్పినవ్. మిగతా సగం కూడ నువ్వే పోయి చెప్పు."

రెండు కాగితాలు రాయించి ఇచ్చాడు. మొదటిది ఉత్తర్వు: నలభై ఒకటో నెంబరు రద్దు, గ్రంథాన్ని మతాచారం ప్రకారం మన్నులో పెట్టడానికి ఖాసింకు అప్పగించాలి. రెండోది బోర్డు మీద అంటించాల్సిన సవరణ. పొరపాటు ఎవరిదో అందులో నా పేరుతో ఉంది.

తిరుగు బండిలో ఆ రెండు కాగితాలనూ ఎన్నిసార్లు తీసి చూశానో చెప్పలేను. ఊరు చల్లారడానికి మొదటిది చాలు. రెండోదాంతో ఎవరికి పని? సాయంత్రం ఎండ ఉండగానే తాండూరులో దిగాను. మొదటి కాగితం ఆఫీసరుకు ఇచ్చాను. రెండోది జేబులో ఉంచుకున్నాను.

ఉత్తర్వు చదివి వినిపించగానే గుంపులో బిగువు సడలింది. సగం మంది ఇళ్ళ దారి పట్టారు. మేకలవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. ఆఫీసరు పుస్తకాన్ని చుట్టి ఉంచిన గుడ్డతో సహా తెప్పించి ఖాసింను పిలిచాడు. ఖాసిం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముందురోజు నుంచి వాళ్ళవాళ్ళు ఎవరూ అతనికి సలాము చేయలేదని తర్వాత తెలిసింది. అతను లేవలేదు.

"నా చేతులకియ్యకుండ్రి సాబ్. కాలవెట్టుమన్న చేతులంట ఇవి. హాజీ సాబుకియ్యుండ్రి."

ముప్ఫై ఏళ్ళు దాన్ని మోసిన మనిషి ఆ మాట అన్నాడు. హాజీ సాబు నేల చూపులు చూస్తున్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. ఆఫీసరు చేతుల్లో పుస్తకం అలాగే ఉంది.

అప్పుడు నేను మెట్టు మీద నిలబడి, రెండో కాగితం తీసి, నా పేరు గట్టిగా చదివానని నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, పదవీ విరమణ సభలో కూడా చెప్పాను. జరిగింది ఇది. కాగితం తీసిన మాట నిజం. దాన్ని వీరన్న చేతిలో పెట్టి రికార్డు గదిలోకి పోయి, మూటల వెనక నిలబడ్డాను. చదివింది వీరన్న. కాల్చమని ఖాసిం అర్జీలో లేదనీ, మన్నులో పెట్టడానికి ఇమ్మని మాత్రమే ఉందనీ, ఫారం చదవకుండా సంతకం చేసింది అహల్కారు నర్సింలు అనీ మూడు భాషల్లోనూ చదివాడు. చివర తన వంతుగా, "ఆడ మూటల ఎన్క ఉన్నడు సూడుండ్రి" అని చేర్చాడు.

బయటి నుంచి హాజీ సాబు గొంతు వినిపించింది.

"లే ఖాసిం. నిన్న నీ మాట పూర్తిగ ఇనలే. తప్పయింది."

"ఇయ్యాల ఇన్నరు గద," అన్నాడు ఖాసిం. కుండ దగ్గర నీళ్ళ చప్పుడైంది. చేతులు కడుక్కుంటున్నాడు.

నేను బయటికి వచ్చేసరికి గనిలో పనిచేసే ఒకతను నా దారికి అడ్డం నిలబడి, "సదువుకున్నోనివే గద సాబ్, పైన లైను కనపడలే?" అన్నాడు. చాలాసార్లు కనబడింది, అందుకే కనబడలేదు అని జవాబిచ్చానని చెప్పుకుంటాను. ఆ జవాబు ఇంటికి నడిచి పోతుండగా తోచింది.

పుస్తకాన్ని బుధవారం పొద్దున మన్నులో పెట్టారు. నన్ను పిలవలేదు. నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఒకటి ఎక్కింది. సంజాయిషీగా నాలుగు పేజీలు రాస్తే, ఒక్క వాక్యంలో రాయమని వెనక్కి పంపారు. 'ఫారం చదవలేదు' అని రాశాను.

ఖాసిం తన నౌకరీ ముగిసేదాకా నాతో మామూలుగానే ఉన్నాడు. ఒక్కసారి మాత్రం అడిగాడు.

"ఆ దినం నేను కితాబు తీసుకొని ఉంటె, రెండో కాయితం ఎప్పుడు తీద్దురు సాబ్?"

"తెల్లారి అంటిద్దును చిచ్చా," అన్నాను. అతను తలూపాడు. నమ్మాడో లేదో తెలియదు. అంటించేవాణ్ణి కాదని నాకు తెలుసు.

ఆ తర్వాత నా నౌకరీలో ఎన్నో జాబితాలు తయారుచేశాను. ప్రతిదానిలోనూ అచ్చయిన లైను ముందు చదివి, తర్వాతే కలం పట్టాను. పొరపాటు జరిగినచోట రాసినవాడి పేరు ఆ పూటే చెప్పాలి. చెప్పకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. దగ్గర్లో నిలబడ్డ మనిషి పేరు అందులో పడుతుంది.