పన్నెండో పేరు

ఆ బడిలో కెమిస్ట్రీ ల్యాబు అటెండరును పిల్లలు యాసిడ్ మామయ్య అనేవారు. సర్వీసు ఇరవై రెండేళ్ళు. చదివింది తొమ్మిదో తరగతి, అదీ సగం. నోరు విప్పితే మాత్రం పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ళు చాప చుట్టుకుని పక్కకు జరగాల్సిందే. ఆయన ఎడమచేతి మీద బొత్తామంత తెల్లమచ్చ ఒకటుండేది. చిన్నప్పుడు ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ. ఆయన చెప్పే కథలో అయితే యాసిడ్ చుక్క ఒకటి చేతిమీద పడి, చేతిలోంచి బల్లకు, బల్లలోంచి గచ్చుకు, గచ్చులోంచి భూమిలోకి దిగి, ఎనిమిదో రోజున పక్కవీధి బావిలో నీళ్ళు కుతకుతా ఉడికించింది.

"మరి చేతికి చిల్లు పడలేదేం మామయ్యా?" అని ఎవడో ఒకడు తగులుకునేవాడు.

"పడిందిరా. సుద్దముక్క దిగ్గొట్టి పూడ్చుకున్నా. అందుకే తెల్లగా ఉంది, కనబళ్ళా?"

ఈ కథలు ఊరికే చెప్పేవి కావు. ఎర.

ఆ బడిలో సబ్జెక్టు ఎంచుకోవడం మూడేళ్ళ తతంగం. ఎనిమిదిలో పెన్సిలుతో రాయాలి. బుద్ధి మారితే చెరుపుకోవచ్చు. తొమ్మిదిలో పెన్నుతో రాయాలి. మార్చుకోవాలంటే ఆ సబ్జెక్టు టీచరు ముందు చేతులు కట్టుకు నిలబడి కారణం చెప్పాలి. పదో తరగతి మొదట్లో ఇంట్లోవాళ్ళ సంతకంతో ఫారం ఇవ్వాలి. ఇక అంతే, బడి వదిలేదాకా అదే చదువు. కెమిస్ట్రీ, జాగ్రఫీ, కామర్సు మూడూ ఒకే పీరియడు కాబట్టి ఒకటి పట్టుకుంటే తక్కిన రెండూ వదలాలి. పన్నెండు మంది చేరని సబ్జెక్టు ఎత్తేస్తారు. ఈ మాట లేచినప్పుడొకసారి, కూర్చున్నప్పుడొకసారి అంటాడని హెడ్మాస్టరుకు డజను సారు అని పేరు.

ఆ బ్యాచిలో పెన్సిలుతో కెమిస్ట్రీ రాసినవాళ్ళు ముప్ఫై ఒకరు. అంతా బావి ఉడికిన మహిమ. తొమ్మిదిలో ఫార్ములాలు మొదలయ్యేసరికి పంతొమ్మిది మంది మిగిలారు. పదిలో ఫారాలు ఇళ్ళకు వెళ్ళాయి. ఒకడి అన్న అందులోనే తప్పాడట. ఒకమ్మాయి స్నేహితురాలు కామర్సు రాసిందట. ఇంకొకడి తండ్రికి ఆ వాసనే పడదట. చివరికి తేలింది పదకొండు.

డజను సారు చావుకబురు చల్లగా చెప్పాడు. "గడువు ఇంకా రెండ్రోజులుంది. ఇంకొక్కరు రాకపోతే ల్యాబుకు తాళమే. నీకు గేటు దగ్గర స్టూలు వేయిస్తాలే. నీడ ఉంటుంది."

"ఏ సీసా ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్తాను సార్."

"గేటు కళ్ళు తెరిస్తే కనబడుతుందిగా. ఇంకా సుఖం."

గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నవాడు నేను బావి ఉడికించానంటే ఎవడు నమ్ముతాడు? తెల్లకోటు ఉంటేనే అబద్ధానికి పరువు.

ఆయనకు కూతురు ఒక్కతే. తల్లి పోయిన దగ్గర్నుంచి ఇల్లు ఆ పిల్లే నడిపేది. అదే బడిలో పదో తరగతి. బడిలో పనిచేసేవాళ్ళ పిల్లలు అమ్మానాన్నలు ఎదురైతే ముఖం తిప్పుకు పోయేవారు. ఈ పిల్ల మాత్రం వరండా ఆ చివరినుంచి "నాన్నా!" అని కేకేసేది. ఎనిమిదిలోనే జాగ్రఫీ అని కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసింది. ఇంట్లో పాత క్యాలెండర్ల వెనకంతా వీధుల మ్యాపులే, గోడల నిండా అవే. అడుగులేసి కొలిచేది. ఎక్కడ వాన నీళ్ళు నిలుస్తాయో, ఏ స్తంభానికి దీపం లేదో అన్నీ అందులో ఉండేవి. సర్వేయరు కావాలని ఆశ.

ఆ సాయంత్రం ఫారం తెచ్చింది. "నాన్నా, సంతకం."

"కెమిస్ట్రీ రాయకూడదటే? మీ నాన్న రాజ్యం."

"నీ రాజ్యంలో నేల ఏది నాన్నా? అన్నీ సీసాలే."

నవ్వాడు. సంతకం పెట్టాడు. "రేపు ఆఫీసులో నేనే ఇచ్చేస్తాలే. లైనులో నువ్వెందుకు?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగా ఇచ్చేద్దామనే అనుకున్నాడు.

మర్నాడు ఫారం కోటు జేబులో పెట్టుకుని ఆఫీసు దాకా వెళ్ళాడు. గోడమీద నోటీసు ఉంది: గడువులోగా ఫారం రానివాళ్ళను పన్నెండు నిండని సబ్జెక్టుల్లో జాబితాలో ముందున్నదానికి వేస్తారు. జాబితాలో మొదటిది కెమిస్ట్రీ. చదివాడు. మళ్ళీ చదివాడు. ఒక్క పేరే కదా అనుకున్నాడు. తెలివైన పిల్ల, ఏదైనా చదువుతుంది అనుకున్నాడు. ల్యాబుకు తిరిగొచ్చి, కడిగిన బీకర్లే మళ్ళీ కడుగుతూ కూర్చున్నాడు. గడువు గంట మోగింది. ఫారం జేబులోనే ఉంది.

మూడోనాడు జాబితా అంటించారు. కెమిస్ట్రీ కింద పన్నెండో పేరు కూతురిది. పక్క వరసలో జాగ్రఫీ. పదకొండు పేర్లు, వాటి మీద అడ్డంగా ఎర్రగీత. అక్కడ కూడా పన్నెండో మనిషి ఆ పిల్లే. తన వరస వందసార్లు లెక్కపెట్టిన మనిషి పక్క వరస ఒక్కసారి లెక్కపెట్టలేదు.

"ఇచ్చావు కదా నాన్నా?"

"ఇచ్చానమ్మా. ఆఫీసు వాళ్ళ సంగతి తెలిసిందేగా."

పిల్ల వెళ్ళి గుమాస్తాతో పోట్లాడింది. గుమాస్తా బల్ల మీదున్న ఫారాలన్నీ ఆమె ముందు పడేసి వెతుక్కోమన్నాడు. ఆమె ఒక్కొక్కటే తిరగేస్తుంటే తండ్రి గుమ్మం దగ్గర నిలబడి చూశాడు.

జాగ్రఫీలో మిగిలిన పదకొండు మందిలో ఆరుగురు కెమిస్ట్రీకి వచ్చారు, తక్కినవాళ్ళు కామర్సుకు పోయారు. ల్యాబు కిటకిటలాడింది. జాగ్రఫీ సారును వేరే బడికి వేశారు. పోయేముందు సొట్టపడిన గ్లోబు ఒకటి చంకలో పెట్టుకొచ్చి, "మీ స్టోరులో ఉంచండి" అన్నాడు. గుమ్మం దాటబోయి ఆగాడు. "మీ అమ్మాయి ఫారం ఎందుకివ్వలేదో అడిగారా?"

"అడిగాను సార్. మరిచిపోయిందట."

ఇరవై రెండేళ్ళలో ఆయన చెప్పిన అతిచిన్న అబద్ధం అదే. బావులేవీ ఉడకలేదు. సారు తలూపి వెళ్ళిపోయాడు.

ఆ ఫారం చించెయ్యాలని చాలాసార్లు తీశాడు. అందులో పిల్ల చేతిరాత ఉంది. చెయ్యి రాక, మడిచి కోటు లోపలి జేబులో దాచాడు. దాచిన సంగతి తెలుసు గాని, ఆదివారం కోటు ఉతికేది ఎవరో గుర్తులేదు.

బజారునుంచి వచ్చేసరికి పెరట్లో దండెం మీద కోటు ఆరుతోంది. దాని పక్కనే క్లిప్పు పెట్టి ఫారం కూడా ఆరేసి ఉంది. కోటుకంటిన యాసిడ్ ఒక మూల తినేసింది. జాగ్రఫీ అన్న మాట నీళ్ళకు అలుక్కుపోయింది. కింద ఆయన సంతకం మాత్రం చెక్కుచెదరలేదు.

"అమ్మా..." అన్నాడు.

"కోటు ఇంకా ఆరలేదు" అంది ఆమె, వెనక్కి తిరగకుండా.

అంతే. అరవలేదు, ఏడవలేదు. చీపురు తిరగేస్తే బాగుండునని తండ్రి ఇంట్లో అటూ ఇటూ తచ్చాడాడు. గోడలమీది మ్యాపులు లేవు. మేకులు మాత్రం ఉన్నాయి.

సోమవారం ల్యాబులో పద్దెనిమిది మంది. కూతురు చివరి బల్ల దగ్గర నిలబడి, అందరూ వినేలా అంది:

"అటెండర్ గారూ, మా బల్లకు బీకర్లు సరిపోలేదు. తెచ్చిపెడతారా?"

ఆయన స్టోరులోకి వెళ్ళాడు. బీకర్లు ఎప్పుడూ ఉండే చోటే, గ్లోబు వెనక ఉన్నాయి. గ్లోబును జరిపితే గిర్రున తిరిగింది. అది ఆగేదాకా అక్కడే ఉండిపోయాడు.

బీకర్లు తెచ్చి బల్లమీద పెడుతుంటే, జాగ్రఫీనుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు చేతివంక చూశాడు. "మామయ్యా, ఆ మచ్చేంటి? బావి కథంట కదా, చెప్పవా?"

"ఇస్త్రీపెట్టె" అన్నాడాయన. "చిన్నప్పుడు కాలింది."

ల్యాబంతా గొల్లుమంది. "ఊరుకో మామయ్యా! మాకు చెవుల్లో పువ్వులు పెట్టకు!"

ఆ మాట నిజమని తెలిసింది అక్కడ ఒక్కదానికే. ఆమె తలెత్తలేదు. బీకర్లో నీళ్ళు గీత దాకా పోసి, పుస్తకంలో కొలత రాసుకుంది.