రాజమండ్రిలో దొరికిన కాయిల్

మా స్కూటరు ఆగిపోయి మూడు వారాలైంది. మాగ్నెట్ కాయిల్ కాలిపోయిందని, ఆ పాత మోడలుకి అది ఎక్కడా దొరకదని, బండి అమ్మేద్దామని నాన్నగారు. బాగుచేయిద్దామని నేను. మండపేటలో మా మిల్లు వెనక ధాన్యం ఆరబోసే గచ్చు మీద నాకు ఆ బండి నేర్పింది ఆయనే. ఆగిపోయేదాకా దాని మీదే రోజూ రామచంద్రపురం వెళ్లి ట్యుటోరియల్లో పాఠాలు చెప్పేదాన్ని.

ఈ రోజు రాజమండ్రి వెళ్లి, నాలుగు షాపులు తిరిగి కాయిల్ సంపాదించాను. బస్సు దిగి సరాసరి మెకానిక్ వీర్రాజు షెడ్డుకి పట్టుకెళ్లాను. అతను పొట్లం విప్పి తెల్లబోయాడు.

"ఇదెందుకండి అమ్మాయిగారూ? ప్లగ్గు మార్చితే బండి ఇక్కడికి తెచ్చిన సాయంత్రమే స్టార్టయిందండి. బేరం కుదిరేదాకా ఇక్కడే ఉంచమన్నారండి నాన్నగారు. మీకు చెప్పలేదాండి?"

ఒక్క కిక్కుకే స్టార్టయింది. దాని మీదే ఇంటికి వచ్చాను. చప్పుడు విని కూడా నాన్నగారు చదువుతున్న పేపరు దించలేదు.

"బాగైందంటే నువ్వు మళ్లీ వేసుకెళ్తావు. బజార్లో నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నారమ్మా."

"అయితే నన్ను రాజమండ్రి ఎందుకు వెళ్లనిచ్చారు?"

"దొరకదనుకున్నాను."

పొద్దున బస్టాండు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, జాగ్రత్తలు చెప్పింది కూడా ఈయనే. వద్దని ఒక్క మాట అనుంటే పోట్లాడేదాన్ని. ఇంత ప్రేమగా మోసం చేస్తే ఎలా పోట్లాడాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.