స్టాంపమ్మ అలమర

మా లైబ్రేరియన్‌ను వెనకాల అందరం స్టాంపమ్మ అనే అంటాం. ముప్పై ఏళ్లుగా బయటికిచ్చే ప్రతి పుస్తకం మీదా గడువు తేదీ ఠప్పుమని వేస్తున్న చెయ్యి అది. ఇంట్లో వాళ్లాయన చొక్కా మీద కూడా వేసేస్తుందేమోనని ఎగతాళి చేసింది ఇక్కడి అటెండర్నైన నేనే.

నిరుడు ఆవిడ ఎవరూ తెరవని లా పుస్తకాలను అటక ఎక్కించి, ఒక అలమర ఖాళీ చేయించింది. అందులో బియ్యం, పప్పు, నూనె పెట్టింది. ఉన్నవాళ్లు తెచ్చి పెట్టొచ్చు, కావలసినవాళ్లు పట్టుకెళ్లొచ్చు. ఎలుకలొస్తాయండీ అని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఎలుకలు రాలేదు, మనుషులొచ్చారు. నా జోస్యం తప్పినందుకు నాకిప్పటికీ సంతోషమే.

ఆ అలమర దగ్గరికి రానిది ఒక్క టైలరే. రెడీమేడ్ బట్టల దెబ్బకి కొట్టు మూసేసిన మనిషి. పొద్దున్నే వచ్చి పేపరు తిరగేస్తూ, మధ్యాహ్నం దాకా గ్లాసు మీద గ్లాసు మంచినీళ్లు తాగేవాడు. అది దాహం కాదని ఆవిడకు మూడో రోజుకే అర్థమైంది. పొట్లం చేతికిస్తే, "నాకెందుకమ్మా, లేనివాళ్లకివ్వండి" అని వెనక్కి తోసేశాడు. రోజురోజుకీ ఆయన చొక్కా వదులవుతుంటే ఇక్కడ ఈవిడకు ముద్ద దిగేది కాదు.

ఒక సోమవారం రద్దీలో, పుస్తకాలతోపాటు కౌంటర్ మీదున్న పప్పు పొట్లానికి కూడా ఆవిడ ముద్ర వేసేసింది. నేను పగలబడి నవ్వాను. టైలరు నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని తేదీ చదివాడు.

"అంటే, ఇది తిరిగివ్వాలా?"

పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి రెప్ప వేయకుండా, "ఆఁ, పద్నాలుగు రోజుల్లో. ఇక్కడ ఏదైనా అంతే బాబాయ్" అంది.

ఆయన జేబులోంచి లైబ్రరీ కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. పప్పుతోపాటు బియ్యం కూడా రాయించుకున్నాడు.

పద్నాలుగో రోజు పొద్దున ఆయన రాలేదు. చెప్పుల చప్పుడైనప్పుడల్లా ఆవిడ తలెత్తి చూసింది. "గడువు పెట్టి నేనే తరిమేశానేమో" అని నాతో అంది. నేను గుమ్మం దాకా వెళ్లి వీధి చూసొచ్చాను.

మూసేవేళకు టైలరు రొప్పుతూ వచ్చాడు. చంకలో పెద్ద మూట. విప్పితే గుడ్డ సంచులు, నలభై దాకా ఉన్నాయి. మందపాటి గుడ్డ, మూతికి తాడు.

"పప్పు తేలేకపోయానమ్మా. ఇవి సరిపోతాయా? పట్టుకెళ్లేవాళ్లకి లోపలేముందో ఎవరి కంటా పడదు."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "సరిపోతాయి బాబాయ్. మరి రెన్యూ చెయ్యమంటారా?"

"చెయ్యండి. ఈసారి నూనె కూడా రాయండి" అన్నాడు దర్జాగా.

నూనె ప్యాకెట్టు మీద సిరా నిలవదు. అయినా ఠప్పుమని వేసింది.