ఉపోద్ఘాతం గారి పొట్టి ఆజ్ఞ

ఆఫీసులో ఆయన్ని అందరూ ఉపోద్ఘాతం గారు అంటారు. వెనకాల కాదు, ముఖం మీదే. మొదట్లో ఉడుక్కునేవాడు. ఎందుకు ఉడుక్కుంటున్నాడో వివరించబోయి పావుగంట తీసుకున్నాడు. దాంతో ఆ పేరు స్థిరపడిపోయింది.

ఇంతటి మాటకారికి దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, మాటలు కుదించడం! టవర్ ఏ ఫోన్‌కైనా ముందుగా ఒక ఆజ్ఞ పంపుతుంది: ఇప్పుడు వచ్చేది నీకే, ఫలానా చోట విను, అని. అది వినపడకపోతే వెనకాల వచ్చే మాట తనదేనని ఫోన్‌కు తెలియదు. ఆ ఆజ్ఞ అరవై బిట్ల పొడవు, అంటే అరవై సున్నాలూ ఒకట్లూ. టవర్‌కున్న శక్తి ఎప్పుడూ అంతే. దాన్ని అరవై బిట్లకు పంచితే తలా కాస్త. ముప్పైకి పంచితే తలా రెట్టింపు. ఆజ్ఞ ఎంత పొట్టిగా ఉంటే అంత దూరం వినపడుతుందన్నమాట. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి ఆయనకు మీటింగులో నలభై నిమిషాలు పట్టేది. అసలు సంగతికి వచ్చేలోపే మేనేజరమ్మ వాచీ చూసుకుని లేచిపోయేది. అలా మూడుసార్లు జరిగింది.

సిగ్గు విడిచి నాలుగోసారి ప్రయత్నించడానికి కారణం వాళ్ల అక్క. ఆవిడ లోయలోని క్వారీ కాలనీలో, ఆరోగ్య కేంద్రంలో నర్సు. టవరేమో కొండకు అవతల. కేంద్రం లోపల ఫోన్‌లో సిగ్నల్ గీత ఒకటి వచ్చి పోతుంటుంది గానీ, ఆజ్ఞ వినపడక కాల్ మాత్రం వెళ్లదు. కాన్పు కష్టమై డాక్టరుకు చెప్పాలంటే అక్క ఇరవై ఆరు మెట్లెక్కి, డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడాలి. మోకాళ్లు అరిగిపోయిన మనిషి. ఉద్యోగంలో చేరిన రోజున ఈయన "ముందు నీ గదిలోకే సిగ్నల్ తెస్తానక్కా" అని మాటిచ్చాడు. పదకొండేళ్లయింది. వచ్చే ఏడు ఆవిడ రిటైరవుతుంది. అది తలుచుకున్నప్పుడల్లా ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఉపాయం ఇంట్లోనే దొరికింది. ఆయన భార్య బట్టలు కుడుతుంది. మిషన్ ముందు నుంచి లేవకుండా "పాలు రెండు" అంటుంది, అంతే. ఏ కొట్టు, ఏ రకం అని చెప్పదు. రోజూ మారనిదాన్ని రోజూ ఎందుకు చెప్పాలి? ఆజ్ఞలో కూడా అలా మారని భాగాలు బోలెడున్నాయి. ఆయన ఎగిరి గంతేసి నాలుగు పేజీల నోటు రాశాడు. భార్య చదివి, సుద్దముక్క పక్కన పెట్టి పెన్ను తీసుకుని, ఆరు లైన్లు మిగిల్చింది.

"ఇది పంపండి."

"మరి ఆ మొదటి పేజీలో నేపథ్యం..."

"మీ మేనేజరమ్మకు తెలియనిదా?"

మేనేజరమ్మ ఆరు లైన్లూ నిలబడే చదివి ఒప్పుకుంది. టవర్‌లోనూ, అక్క ఫోన్‌తో సహా క్వారీ కాలనీలో పది ఫోన్లలోనూ సాఫ్ట్‌వేర్ మార్చి ట్రయల్ మొదలుపెట్టారు. ఆజ్ఞ ముప్పై ఆరు బిట్లకు దిగింది. అక్కడితో ఆగితే ఆయన ఉపోద్ఘాతం గారు ఎందుకవుతాడు? నోరు అదుపులో లేనివాడికి కత్తెర మాత్రం అదుపులో ఉంటుందా? ఆజ్ఞ చివర పదహారు తనిఖీ బిట్లుంటాయి. విన్నది సరిగ్గానే విన్నానా అని ఫోన్ వాటితో సరిచూసుకుంటుంది. "తోకే కదా" అని ఆయన వాటిని నాలుగుకు కత్తిరించాడు. ఇరవై నాలుగు! తన భుజం తానే తట్టుకున్నాడు.

మూడో రోజు డాబా మీద నుంచి అక్క ఫోన్ చేసింది. ఆయాసపడుతోంది.

"ఒరేయ్ తమ్ముడూ, నీ పుణ్యమా అని ఫోన్ పెనంలా కాలిపోతోందిరా. పొద్దున ఛార్జింగ్ పెడితే పదింటికల్లా చచ్చింది. ఇప్పుడు మా కేంద్రంలో ఆయమ్మ ఫోన్ అడుక్కుని మాట్లాడుతున్నా. ఇదివరకు మెట్లెక్కితే పనయ్యేది. ఇప్పుడు అదీ లేదు!"

ఆయన నీళ్లు నమిలాడు. సంగతి విన్న మేనేజరమ్మ మాత్రం నమలలేదు. "శుక్రవారం దాకా చూస్తాను. ఆ తర్వాత ట్రయల్ మూసేస్తాం" అంది.

ఆయన రెండు రోజులు అంకెల వంక చూస్తూ గోళ్లు కొరుక్కున్నాడు. గురువారం సాయంత్రం చేతి సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడితే, మిషన్ మోతలోంచి భార్య గొంతు వినిపించింది.

"పాలు రెండు, సబ్బు ఒకటి, రొట్టె ఒకటి. మొత్తం నాలుగు."

"మొత్తం నువ్వెందుకు చెప్పడం? నాకు ఆ మాత్రం కూడిక రాదా?"

"ఈ మోతలో మీకు ఏం వినపడుతుందో ఎవరికి తెలుసు? లెక్క కలవకపోతే మళ్లీ అడుగుతారు కదా!"

సంచీ చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా ఆవిడ అన్నీ కత్తిరించింది గానీ, ఆ "మొత్తం" మాత్రం ఒక్కరోజూ కత్తిరించలేదు. అక్కడ లోయలో పది ఫోన్లు, సరిచూసుకునే తోక చాలక, గాలిలోని గోలనంతా ఆజ్ఞలనుకుని, ఎవరూ పిలవకపోయినా పలుకుతూ, వేడెక్కి చస్తున్నాయి. కారణం ఆయన కత్తెర. తన తెలివికి తనే దండం పెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. పదహారూ తిరిగి తగిలించాడు. ముప్పై ఆరు. ఆ రోజు ఇంటికి పాలు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో అందరూ ఉండగా ఫోన్ మోగింది. అక్క గొంతులో ఆయాసం లేదు.

"తమ్ముడూ, లోపలి గదిలోంచే మాట్లాడుతున్నా. మంచం పక్కనుంచి."

పదకొండేళ్లుగా ఆయన క్షమాపణ ఒకటి తయారుచేసుకుంటూ వచ్చాడు. ఉపోద్ఘాతంతో సహా సిద్ధంగా ఉంది. "అక్కా, అసలేం జరిగిందంటే, ఆ రోజు నేను నీకు మాటిచ్చినప్పుడు..."

"తెలుసులేరా. ఇక్కడ పురిటి కేసుంది, డాక్టరుకు చెయ్యాలి. పెట్టేయ్."

పెట్టేశాడు. కళ్లు తుడుచుకోవడానికి కళ్లజోడు తీశాడు. తన మాట పూర్తవడం కన్నా అవతల డాక్టరు ఫోన్ మోగడమే ముఖ్యమని అనిపించడం ఆయనకు అదే మొదటిసారి.

"పని చేసిందా?" మేనేజరమ్మ అడిగింది.

"చేసిందండీ."

మిగతాది వినడానికి అందరూ కుర్చీలు సర్దుకుని కూర్చున్నారు. ఆయన తన సీటుకు వెళ్లిపోయాడు.