ప్రభ లాగిన పికప్

పుల్లయ్య నడిపే బండి దారిలో నిలిచిపోదని నూజెండ్ల చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్పేవారు. ఆ పేరు తప్ప ఆయన సంపాదించుకున్నదేమీ లేదు. ఆ పేరు చూసే మా ఊరి పెద్దమనిషి ధనుంజయరావు ఆయన్ని డ్రైవరుగా పెట్టుకున్నాడు.

రావు ఆటోమేటిక్ గేర్ల పికప్ కొన్న ఏడాది, శివరాత్రికి మా ఊరు చక్రాల మీద కట్టే ఎత్తైన వెదురు ప్రభను కోటప్పకొండకు ఆ బండే లాగాలన్నాడు. ఏటా ట్రాక్టరు లాగేది. జనం తన కొత్త బండి చూడాలి మరి. అంత బరువుతో జనంలో అంగుళం అంగుళం కదిలితే గేర్‌బాక్సులో ఆయిల్ కాగిపోతుందని పుల్లయ్య మొత్తుకున్నాడు. చివరికి, మధ్యమధ్యలో ఆపుకుంటూ పోదామని రావును ఒప్పించి బయల్దేరాడు.

సగం దారిలో వేడి లైటు వెలిగింది. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను నడుస్తుండగానే ఆయిల్ చల్లారనివ్వాలి. కానీ వెనకే పక్కూరి ప్రభ డప్పులతో తరుముకొస్తోంది. అది ముందుకు పోతే మా ఊరి మగవాళ్లు ఏడాదంతా తలెత్తుకోలేరు. మా తెలివి అలాంటిది.

"అయ్యా, చానా కాగింది. ఆపకపోతే గేర్‌బాక్స్ పోద్ది," అన్నాడు పుల్లయ్య.

"పోతే నా బండి పోద్ది. నువ్వు తొక్కు," అన్నాడు పక్క సీట్లోని రావు.

తొక్కాడు. ఎత్తు మీద కాలిన వాసన కొట్టి బండి నిలిచిపోయింది. పక్కూరి వాళ్లు ఈలలు వేసుకుంటూ దాటిపోయారు.

రావు దిగి, పుల్లయ్యకు ఆటోమేటిక్ నడపడం రాక తగలబెట్టాడని అందరికీ చెప్పాడు. బండిలో వాళ్లిద్దరూ అనుకున్న మాటలు వెనక సీట్లో కూర్చుని విన్నవాడు పుల్లయ్య కొడుకు సాయిరామ్ ఒక్కడే. రావు వెంట తిరిగే మనిషి, పెళ్లయినవాడు, చిన్నపిల్లాడు కాదు. నిజమేగా అని రావు అడిగితే, తన తండ్రికి కొత్త బళ్లు అలవాటు లేదన్నాడు. నిజం నాకు తర్వాత తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ వాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఆ తర్వాత పుల్లయ్యకు ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు.

గేర్‌బాక్స్ మార్పించి రావు తాళాలు సాయిరామ్‌కు ఇచ్చాడు. మళ్లీ శివరాత్రి దగ్గరపడ్డాక వాడు తండ్రి మంచం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. పుల్లయ్య అన్నీ చెప్పాడు. గేర్‌బాక్స్ ఆయిల్ ముందే మార్పించమన్నాడు. బండి ముందు ఆ ఆయిల్‌ను చల్లార్చే కూలర్‌కు పట్టిన మట్టి కడిగించమన్నాడు. గేరు చేత్తో ఒకటిలో పెట్టి లాగమన్నాడు. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దని, బ్రేకు తొక్కమని, లైటు వెలిగితే ఎవరేమన్నా ఆపమని చెప్పాడు.

"నాన్నా, ఇయ్యన్నీ నువ్వు చెప్పినట్టు ఎవరి దగ్గరా అనమాక," అన్నాడు సాయిరామ్.

"అననులే," అన్నాడు పుల్లయ్య.

ఆ ఏడు వాడు ఆపిన చోటల్లా రావు కిమ్మనకుండా కూర్చున్నాడు. ప్రభ కొండకు చేరింది. రావు అందరి ముందూ సాయిరామ్ భుజం తట్టి, "తండ్రికి రానిది కొడుక్కొచ్చింది," అన్నాడు. వాడు నవ్వాడు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లలో నిలబడి పుల్లయ్య కూడా కొట్టాడు.