తాళమేసిన ఇళ్ల చదువులు

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, దీపావళి వెళ్లిందంటే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడేవి. మాది మంత్రాలయం దిక్కు మెట్ట ఊరు. వాన మొహం చాటేస్తే జనం సుగ్గికి పోయేవాళ్లు. సుగ్గి అంటే గుంటూరు వైపు పత్తి ఏరడానికో మిరపకాయలు కోయడానికో పోయి, మళ్లీ ఉగాదికి ఇల్లు చేరడం. తాళం చెవులు మాత్రం కదలలేని ముసలివాళ్ల దగ్గర ఉంచి పోయేవాళ్లు. మా వీధి తాళం చెవులన్నీ మా అవ్వ నడుముకు వేలాడేవి.

అమ్మా నాన్నా కూడా పోయేవాళ్లు. అవ్వా నేనూ మిగిలేవాళ్లం. బడి నుంచి వచ్చేసరికి వీధిలో పలకరించే మనుషులు ఉండేవాళ్లు కాదు. ఆడుకుందామంటే తోడు లేదు. అమ్మ విడిచిపోయిన పాత చీర కప్పుకుని పడుకునేదాన్ని. నెల తిరిగేసరికి ఆ చీరలో అమ్మ వాసన పోయి నా వాసనే మిగిలేది.

ఆరో తరగతిలో ఉండగా ఇక నా వల్ల కాదనుకున్నాను. పిల్ల వస్తానంటే పంపమని అమ్మ, కూలీలను తీసుకుపోయే మేస్త్రి సెల్ ఫోన్ నుంచి ఊరి అంగడి ఫోనుకు కబురు పెట్టింది. సోమవారం మేస్త్రి లారీ ఇంకొంతమందిని ఎక్కించుకోవడానికి వస్తోంది. గుడ్డలు మూట కట్టుకున్నాను. అవ్వ పొమ్మనలేదు, వద్దనలేదు. బడి పోతుందన్న బెంగ నాకు రవ్వంత కూడా లేదు. అమ్మ దగ్గర పడుకోవచ్చు, అంతే.

ఆదివారం మండలాఫీసు నుంచి ఒక అబ్బాయి కాగితాలు పట్టుకుని వచ్చాడు. కూలికి పోయేవాళ్లు ఎవరెంత చదివారో రాసుకోవాలట. మా వీధిలో ఏ ఇంటికి పోయినా తాళమే. చివరికి అవ్వ ముందు కూలబడ్డాడు.

"మా పాప శానా బాగా రాస్తాది. దాని చేతికియ్యప్పా" అంది అవ్వ. ఎండలో తిరిగి తిరిగి ఉన్నాడేమో, అతను సంతోషంగా ఇచ్చేసి చెంబెడు నీళ్లు తాగాడు.

అవ్వ ఒక్కో తాళం చెవి వేళ్లతో తడిమి ఆ ఇంటివాళ్ల సంగతి చెప్పసాగింది. మొగుడూ పెళ్లాం, పత్తికి పోయినారు, చదువు లేదు. అన్నదమ్ములు, మిరపకాయలకు పోయినారు, చదువు లేదు. ఒకడు మూడు దాకా పోయాడు గానీ అయ్యవారి దెబ్బలు తప్ప వాడికేమీ గుర్తు లేవు, లేదనే రాయమంది. నేను రాసుకుంటూ పోయాను. ఒక చెవి దగ్గర మాత్రం అవ్వ ఆగింది.

"ఈ యమ్మది ఐదు అని రాయి. బడిలో అందరికంటే ముందుండేది. ఆరులో ఉండంగానే సుగ్గికి తోలుకపోయిరి. ఇప్పుడు యాడ చూసినా వేలిముద్రే."

ఆమె నాకు తెలుసు. పోయిన ఉగాదికి నాకు జడ వేసింది. ఆమె కూడా ఒకప్పుడు ఆరో తరగతిలో ఉండిందని నాకు తోచనేలేదు.

తాళం చెవులు అయిపోయాయి. మా ఇల్లు మిగిలింది. నాన్నకు లేదు, అమ్మకు లేదు అని రాశాను. "ఇంగ నీ పేరు రాయి. పని, పత్తి ఏరేది. చదువు, ఐదు" అంది అవ్వ.

"చిన్నపిల్లను పనోళ్లలో రాయకూడదవ్వా" అన్నాడు ఆ అబ్బాయి.

"రేపు లారీ ఎక్కుతాది కదప్పా. ఎక్కినాక రాసేకి ఈడ ఎవురుంటారు?"

నాకు రోషం వచ్చింది. "ఐదు కాదు. ఆరు చదువుతాండా" అన్నాను.

"చదువుతాండా అనేకి ఈడుండల్ల కదమ్మే" అంది అవ్వ, మెల్లగా.

నా పేరులో మొదటి అక్షరం దగ్గరే పెన్ను ఆగిపోయింది. ఏడుపొచ్చింది. ఆ అబ్బాయి నా చేతిలోంచి కాగితం తీసుకుని, ఆ అక్షరం కొట్టేసి వెళ్లిపోయాడు.

సోమవారం లారీ వచ్చింది. అవ్వ నన్ను పట్టుకోలేదు, నా మూట దాచలేదు. చీపురు తీసుకుని వాకిలి ఊడుస్తూ ఉండిపోయింది. నేను లారీ దాకా పోయి, ఎక్కకుండా తిరిగొచ్చాను. ఎంత మంచి పని చేశావని ఎవరూ మెచ్చుకోలేదు. ఆ యేడంతా అవ్వ మీద కోపంగానే ఉన్నాను. అమ్మ కోసం ఏడ్చి ఏడ్చి ముక్కు చీదుకుంటూనే లెక్కలు చేశాను. తర్వాతి సుగ్గికీ ఉండిపోయాను, ఆ తర్వాతి సుగ్గికీ.

ఇప్పుడు నా తలలోనూ తెల్ల వెంట్రుకలు వచ్చాయి. పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. దీపావళి వెళ్లాక తరగతిలో ఏ పిల్ల కనిపించకపోయినా ఇంటికి పోయి అడిగే అలవాటు అవ్వ మాటతోనే వచ్చింది. అవ్వ పోయింది. నన్ను ఆపినందుకు ఆమెకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను.

నడుము వంగిపోయి సుగ్గి మానేశాక అమ్మ నా దగ్గరికే వచ్చింది. నేనంటే ప్రాణం. అయినా ఫ్యాను వేసుకోవడానికి కూడా నన్నడుగుతుంది. పొయ్యి దగ్గర నిలబడి, చుట్టాలింటికి వచ్చినదానిలా, "చారులోకి పులుపు ఎంత వేయల్ల, నువ్వెంత తింటావు?" అంటుంది. నీ ఇష్టం అంటాను. తనకెంత కావాలో నాకూ తెలియదు.