వానలో పడిన తుమ్ము

పదకొండు నిమిషాల వాన రికార్డింగులో, సరిగ్గా ఏడో నిమిషం దగ్గర ఒక తుమ్ము పడింది. తుమ్మినది చప్పుళ్ళ పిన్ని భర్త. పగలంతా లైబ్రరీలో "ష్ష్" అంటూ గడిపే పిన్నికి, ఇంటికొచ్చాక చప్పుళ్ళు పోగుచెయ్యడం సరదా. గాలి హోరు పడకుండా ఫోనుకు పాత సాక్సు తొడిగి, ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. తలుపు కిర్రు, మరిగే నీళ్ళు, మెట్లమీద పరుగు, అన్నీ నెట్‌లో పెట్టి "ఎవరైనా వాడుకోవచ్చు" అని రాస్తుంది. తను కుట్టు నేర్చుకున్నది ఎవరో ఊరికే పెట్టిన వీడియోలు చూసే మరి.

పక్కింటావిడ ఆ వాన విని, తుమ్ము ఎవరిదో ఇట్టే గుర్తుపట్టింది. దాంతో బాబాయి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "తుమ్ము నాది! నన్నడక్కుండా లోకమంతా పంచిపెడతావా? తీసెయ్!" పిన్ని తీసెయ్యబోతుండగా ఒక నర్సు దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. ఎవరో ఆ వానకు వేణువు కలిపి జోలపాటగా పెట్టారట. వార్డులో నిద్రపట్టని ఒక పాపకు రోజూ అదే వినిపిస్తుందట. ఓసారి తుమ్ము కత్తిరించి పెడితే, "తాతయ్య ఏడీ?" అని పాప ఒకటే ఏడుపట. మళ్ళీ అతికించాక కిలకిలా నవ్వి నిద్రపోయిందట. "మీకు చాలా థాంక్సండీ, ఆ తుమ్మినాయనకు కూడా" అని రాసింది.

బాబాయి కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. గొంతు సవరించుకుని, "అయితే మాత్రం, నాదని ఒక్క ముక్క రాయొద్దూ?" అని సణిగాడు.

"ఇప్పుడే రాశానండీ," అంది పిన్ని, "'వాన ఆకాశానిది, తుమ్ము మావారిది, ఎవరైనా వాడుకోండి' అని."